ప్లేస్కూల్లో ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల గదిని నడపడం ఎలా?

నాలుగేళ్ల పిల్లలకి బాగా చెప్పే టీచర్‌ని తీసుకొచ్చి రెండేళ్ల పిల్లల గదిలో వేస్తే, వారం తిరిగేసరికి ఆవిడకి ఓపిక అయిపోతుంది. చార్ట్ చూపిస్తే చూడరు. వరసగా కూర్చోమంటే కూర్చోరు. కథ మొదలుపెడితే సగంలో లేచి వెళ్లి స్టాండ్ దగ్గర చెప్పులు జత కలుపుతూ ఉంటారు. ఆ పూటకి వాళ్లు చేసిన లెక్కలు అవేనని గుర్తుపట్టగలిగితే ఈ గదిలో మీ పని సగం అయినట్టే.

ఈ వయసుకి పాఠం అని విడిగా ఏమీ ఉండదు. రావడం, చెప్పులు విప్పడం, చేతులు కడుక్కోవడం, తినడం, డైపర్ మార్పించుకోవడం, ఆడుకోవడం, పడుకోవడం. సిలబస్ మొత్తం ఇదే. వీటిని గబగబా కానిచ్చేసి, "ఇక యాక్టివిటీ టైమ్" అని పిల్లల్ని కుర్చీల్లో కుదేసే ప్లేస్కూళ్లు ఊరినిండా ఉన్నాయి. మీరు కొత్తగా గది మొదలుపెడుతున్నా, ఉన్నదాన్ని సరిచేసుకోవాలనుకున్నా, కింద చెప్పిన వరసలో వెళ్లండి.

1. ముందు మనుషుల లెక్క తేల్చుకోండి

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకి ఒక టీచర్, ఒక కేర్‌టేకర్ ఉండాలని ఉంది. చాలా యాజమాన్యాలు అదే లెక్క పట్టుకుని చిన్న పిల్లల గదికి కూడా ఇద్దరినే పెడతాయి. ఆ మార్గదర్శకాలు 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం రాసినవి. అంతకన్నా చిన్నవాళ్లు 20 మంది ఉంటే, ఒకరు డైపర్ మారుస్తున్నంతసేపూ మిగతా 19 మందిని ఒక్క మనిషే చూడాలి. అది అయ్యే పని కాదు. అమెరికాలో పేద కుటుంబాల పసిపిల్లల కోసం ప్రభుత్వ నిధులతో నడిచే ఎర్లీ హెడ్ స్టార్ట్ కార్యక్రమంలో నలుగురికి ఒక టీచర్, గదికి మామూలుగా ఎనిమిది మందే పిల్లలు. మన ఫీజులతో అంత కుదరకపోవచ్చు. ఆరుగురికి ఒకరు మాత్రం దాటనివ్వకండి. అదీ కుదరదంటే అడ్మిషన్లు తగ్గించుకోండి.

తర్వాత ప్రతి పిల్లకీ ఒక మనిషిని కేటాయించండి. పొద్దున గేటు దగ్గర అందుకునేది, తినిపించేది, డైపర్ మార్చేది, జోకొట్టేది వీలైనంతవరకు ఆ ఒక్కరే. ఆ మనిషి టీచరే కానక్కర్లేదు. చాలా గదుల్లో పిల్లలు అంటిపెట్టుకుని తిరిగేది ఆయమ్మనే. అయినా ట్రైనింగ్ రోజు టీచర్లని లోపల కూర్చోబెట్టి ఆయమ్మని గిన్నెలు తోమడానికి పంపుతారు. అది మానేయండి. ఇక్కడ చెప్పే ప్రతి మాటా ఆయమ్మకి కూడా తెలియాలి.

2. నేల మీద బోర్లా పడుకుని గదిని చూడండి

నవ్వులాటకి అనడం లేదు. పిల్లల కంటి ఎత్తు నుంచి చూస్తేనే బల్ల కింద పైకి తేలిన మేకు, ప్లగ్ పాయింట్, కర్టెన్ తాడు, తలుపు కీలు సందు కనిపిస్తాయి. ఈ గదిలో అన్నింటికన్నా పెద్ద ప్రమాదం బాత్‌రూమ్‌లో నింపి పెట్టిన బకెట్. ఈ వయసు పిల్లలకి తల బరువెక్కువ; బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులైతే మళ్లీ పైకి లేవలేరు. రెండంగుళాల నీళ్లు చాలు. వాడిన వెంటనే బకెట్ బోర్లించడం, సంపు మూతకి తాళం వేయడం, బాత్‌రూమ్ తలుపుకి పైన గడియ పెట్టడం మొదటి రోజు నుంచే నియమంగా పెట్టుకోండి.

రెండోది గొంతులో అడ్డం పడేవి. పల్లీలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్కలు, గింజ తీయని రేగిపళ్లు, సీతాఫలం ఈ గదిలోకి రాకూడదు. ద్రాక్షపండు ఇవ్వాలంటే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పుట్టినరోజుకి తల్లిదండ్రులు పంచే చాక్లెట్ గోళీలు, జెల్లీలు ఇంటికి వెళ్లే సంచిలో పెట్టేయండి, గదిలో విప్పొద్దు. బొమ్మల సంగతికొస్తే, మూడు సెంటీమీటర్ల కన్నా చిన్నది ఏదైనా నోట్లోకి పోయి గొంతుకి అడ్డం పడేదే. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ అసలు వద్దు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేటప్పుడు అది చూసుకోండి. గొంతుకి ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో కనీసం ఇద్దరికి చేతులతో చేసి చూపించే శిక్షణ ఇప్పించండి. వీడియో చూస్తే వచ్చే విద్య కాదది.

3. మొదటి రెండు వారాలు మరేమీ పెట్టుకోకండి

జూన్‌లో ఏ ప్లేస్కూల్ గేటు దగ్గర నిలబడినా ఒకటే ఏడుపు. "మీరు వెళ్లిపోండి మేడమ్, అయిదు నిమిషాల్లో ఊరుకుంటారు" అని తల్లిని పంపేసి, గుమ్మం లోపలి నుంచి పిల్లని లాక్కెళ్లే పద్ధతి మనకి బాగా అలవాటు. పిల్ల ఊరుకుంటుంది, నిజమే. అలసిపోయి ఊరుకోవడం వేరు, నమ్మకం కుదిరి ఊరుకోవడం వేరు. మొదటి రకం పిల్లలు గదిలో ఆడరు, తినరు, ఒక మూల సంచి పట్టుకుని కూర్చుంటారు. వాళ్లని "సెటిల్ అయిపోయారు" అని లెక్కేసుకుంటాం.

ఇలా చేయండి. మొదటి రెండు రోజులు తల్లో, నాన్నమ్మో, తాతయ్యో ఎవరో ఒకరు గదిలోనే ఉండాలి, గంట సేపు మాత్రమే. వాళ్లు పిల్లని ఆడించకూడదు; ఒక పక్కన కూర్చుంటే చాలు. పిల్ల వెళ్లి బొమ్మ తెచ్చి చూపించి మళ్లీ వెళుతుంది. ఆ రాకపోకలు ఎంత ఎక్కువైతే అంత మంచిది. మూడో రోజు ఆ పెద్దమనిషి పిల్లకి చెప్పి పది నిమిషాలు బయటికి వెళ్లి రావాలి. చెప్పకుండా జారుకోవడం మాత్రం వద్దే వద్దు. అలా ఒక్కసారి జారుకుంటే ఆ తర్వాత వారం రోజులు పిల్ల తల్లి కొంగు వదలదు, తప్పు పట్టడానికీ లేదు. ఆ పది నిమిషాల్ని అరగంట, గంట, పూట చేసుకుంటూ వెళ్లండి. కొందరికి నాలుగు రోజులు, కొందరికి మూడు వారాలు పడుతుంది.

వెళ్లేటప్పుడు చెప్పే మాట రోజూ ఒకటే ఉండాలి. "బువ్వ తిన్నాక అమ్మ వస్తుంది." గంటల లెక్క పిల్లకి తెలియదు, బువ్వ తర్వాత ఏమొస్తుందో తెలుస్తుంది. మీరు కూడా రోజంతా ఆ మాటే చెప్పండి. "ఏడవకు, ఏడిస్తే పోలీసు వస్తాడు", "బూచాడికి ఇచ్చేస్తా" లాంటివి ఆయమ్మ నోటి నుంచి కూడా రాకూడదు. ఇంటి నుంచి అమ్మ పాత చున్నీ ముక్కో, పడుకునేటప్పుడు పట్టుకునే బొంతో తెచ్చుకోనివ్వండి. దోబూచులాట బాగా ఆడించండి. కనిపించకుండా పోయిన ముఖం మళ్లీ వస్తుందన్న సంగతి ఈ వయసు పిల్ల సాధన చేసేది ఆ ఆటలోనే.

4. రోజు వరస ఖాయం చేయండి, గడియారాన్ని కాదు

టైమ్‌టేబుల్‌లో 10:05, 10:20 అని గీతలు గీయకండి. ఏది తర్వాత ఏది అన్నది మాత్రం మారకూడదు. పూట గదికి ఇలా పెట్టుకోవచ్చు:

రాక, చెప్పులు విప్పడం, సంచి తన కొక్కేనికి తగిలించడం
గదిలో ఇష్టమొచ్చిన ఆట
చేతులు కడుక్కోవడం, చిరుతిండి
ఆరుబయట ఆట
డైపర్లు, పాటీ
పాట, బొమ్మల పుస్తకం. కూర్చున్నవాళ్లు కూర్చుంటారు, లేచినవాళ్లు లేస్తారు
అన్నం, మూతి కడుక్కోవడం
నిద్ర, లేదా ఇంటికి

ఒక పని నుంచి ఇంకో పనికి మారే సందులోనే సగం ఏడుపులు వస్తాయి. అక్కడ అరవకుండా ఒక పాట పెట్టుకోండి. చేతులు కడగడానికి ఒక పాట, బొమ్మలు సర్దడానికి ఒక పాట. మీరే కట్టుకోవచ్చు, రెండు లైన్లు చాలు. నెల తిరిగేసరికి పాట ఎత్తుకోగానే బొమ్మలు బుట్టలోకి వెళుతుంటాయి.

ఆరుబయట ఆట ఎండకి భయపడి ఎగ్గొట్టొద్దు. వేసవిలో పొద్దున్నే పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఈ పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. ఏడాది పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండేళ్లు దాటినవాళ్లకి గంటకి మించొద్దని కూడా అందులోనే ఉంది. ఆ గంట ఎలాగూ ఇంట్లో అయిపోతుంది. కాబట్టి మీ గది గోడకి టీవీ ఉంటే దాన్ని ఆఫీసు గదిలోకి మార్చేయండి.

5. కడగడం, తుడవడం, తినిపించడం: ఇక్కడ తీరిగ్గా ఉండండి

చేతులు కడిగే సమయం తీసుకుందాం. హడావిడి గదిలో ఏం జరుగుతుంది? ఆయమ్మ వెనక నుంచి పిల్ల రెండు చేతులూ పట్టుకుని, నీళ్ల కింద పెట్టి, రుద్ది, తుడిచి, "నెక్స్ట్" అంటుంది. ఇరవై సెకన్లు. పిల్ల చేసింది ఏమీ లేదు, విన్నది ఒకే ఒక మాట.

అదే పని ఇలా చేసి చూడండి. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చోండి. "చేతులు కడుక్కుందామా? చొక్కా చెయ్యి పైకి లాగుదాం" అని ఆగండి. రెండు మూడు సెకన్లు. పిల్ల చెయ్యి చాపుతుంది. "కుళాయి నువ్వు తిప్పు." రెండు చేతులతో తిప్పుతుంది, రాదు, మీ ముఖం చూస్తుంది. కొంచెం వదులు చేసి మళ్లీ ఇవ్వండి. నీళ్లొస్తాయి. "అబ్బ, చల్లగా ఉన్నాయి!" సబ్బు జారి సింక్‌లో పడుతుంది. "జారిపోయింది. ఎక్కడుంది సబ్బు?" వెతికి తీస్తుంది. నురగ చూసి "బుగ్గ" అంటుంది. "అవును, బుడగ. చిన్న బుడగ." మీరు తప్పు దిద్దలేదు, సరైన మాట వినిపించారు, ఇంకో మాట కలిపారు. రెండు నిమిషాలు పట్టింది. మణికట్టు తిప్పడం, చల్లదనం, చిన్న-పెద్ద, ఉన్నది-పోయింది, వంతు, మాట, జవాబు అన్నీ వచ్చాయి. మధ్యాహ్నం ఫ్లాష్ కార్డులతో అరగంట కూర్చున్నా ఇన్ని రావు.

డైపర్ కూడా అంతే. హంగరీ వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లో తల్లిదండ్రులు లేని పసిపిల్లల కోసం మొదలుపెట్టి నడిపిన శిశుగృహంలో దాదులకి నేర్పిన ముఖ్యమైన పని ఇదే: పిల్లని తాకే ముందు ఏం చేయబోతున్నామో చెప్పడం, పిల్ల సాయం కోసం ఆగడం, తొందర పడకపోవడం. "కాలు పైకెత్తు కన్నా" అని ఆగితే ఏడాదిన్నర పిల్లాడు కాలు ఎత్తుతాడు. ఫోన్ చూస్తూనో, పక్కవాళ్లతో మాట్లాడుతూనో డైపర్ మార్చే అలవాటు మీ గదిలో ఉంటే మొదట దాన్నే మాన్పించండి.

తిండి దగ్గర ఒక్క మాట. గెంతుతున్న పిల్ల వెనక గిన్నె పట్టుకుని తిరుగుతూ ముద్దలు పెట్టడం మనకి ప్రేమ. ఈ గదిలో కూర్చుంటేనే తిండి, అదీ తన చేత్తోనే. ఇడ్లీని పెద్ద ముక్కగా ప్లేట్‌లో పెట్టండి, తుంచుకోనివ్వండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ముక్క పట్టడం రేపు పెన్సిల్ పట్టడానికి పనికొచ్చేదే. పప్పన్నం సగం కింద పోతుంది. కింద పాత బెడ్‌షీట్ పరవండి. ఎంత తినాలో పిల్ల చెబుతుంది. "ఇంకో ముద్ద, కాకికి ఒకటి, పిచ్చుకకి ఒకటి" అని కుక్కొద్దు. డబ్బా ఖాళీ చేసి పంపాలన్న ఒత్తిడి టీచర్ మీద ఉంటుందని తెలుసు. అడ్మిషన్ రోజే తల్లిదండ్రులకి చెప్పేయండి: మిగిలింది మిగిలినట్టే డబ్బాలో వస్తుంది, అబద్ధం రాయం.

ఏ భాషలో మాట్లాడాలి అని అడుగుతారు. మీకు ధారాళంగా వచ్చిన భాషలో. "కమ్ బేబీ, సిట్ బేబీ, నో బేబీ" అనే మూడు ముక్కల ఇంగ్లీషు వల్ల పిల్లకి ఆ మూడు ముక్కలే వస్తాయి. ఇంట్లో ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే పిల్ల ఉంటే వాళ్లింట్లో నీళ్లని, అన్నాన్ని, నొప్పిని, ఒకటికి వెళ్లడాన్ని ఏమంటారో తల్లిని అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి.

6. బొమ్మలు తక్కువ, గిన్నెలు ఎక్కువ

కొనాల్సింది పెద్దగా లేదు. స్టీలు గిన్నెలు, మూతలు, చెక్క గరిటెలు, గుడ్డ ముక్కలు, అట్టపెట్టెలు, గాజులు, కొబ్బరి చిప్పలు, పెద్ద సైజు దారపు ఉండలు. ఒక్కో రకం పది, పదిహేను ఉండాలి. బ్రిటన్‌లో ఎలినర్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆవిడ ఇలాంటి ఇంటి సామానుతో ఏడాది దాటిన పిల్లలకి ఒక ఆట పద్ధతినే తయారుచేసింది: సామాను పరిచిపెట్టి, పెద్దవాళ్లు పక్కన మాట్లాడకుండా కూర్చోవడం. గిన్నెలో గాజులు వేయడం, తీయడం, మళ్లీ వేయడం. చూసేవాళ్లకి విసుగు. పిల్లకి కాదు. గాజు గాజులు మాత్రం వద్దు, ప్లాస్టిక్‌వో లోహానివో పెట్టండి.

ఎటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు అలమరలో పైన పెట్టి చూపించండి. సన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మని నోట్లో పెట్టుకునే పిల్లకి ఇవ్వకూడదు.

ఒకే రకం బొమ్మ రెండేసి కొనండి. "షేర్ చేసుకోవాలి నాన్నా" అంటే రెండేళ్ల పిల్లాడికి వినపడేది "నీది లాక్కుంటాను" అనే. ఈ వయసులో ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. అదే వాళ్ల స్నేహం.

7. కొరికినప్పుడు

కొరుకుతారు. మాట రాని కోపం నోటి దారినే పోతుంది. ప్రతి గదిలోనూ జరిగేదే, ఇంటికి ఫోన్ చేసి చెప్పడమంటే ప్రతి టీచర్‌కీ టెన్షనే.

ముందు కొరికించుకున్న పిల్ల దగ్గరికి వెళ్లండి. సబ్బు నీళ్లతో కడిగి చల్లటి తడిగుడ్డ వేయండి. చర్మం తెగితే డాక్టర్‌కి చూపించమని ఇంటికి చెప్పండి. కొరికిన పిల్ల కళ్లలోకి చూసి చిన్నగా, గట్టిగా: "కొరకకూడదు. పాపకి నొప్పి." అంతే. ఉపన్యాసం వద్దు, బలవంతంగా సారీ చెప్పించొద్దు, "నిన్ను కొరికితే తెలుస్తుంది" అని తిరిగి కొరకడం అంతకన్నా వద్దు. తర్వాత ఆ పిల్లకి ఏం కావాలో ఆ మాట అందించండి: "బంతి కావాలా? ‘ఇవ్వు’ అని చెయ్యి చాపు."

ఏ పూట, ఎక్కడ, ఎవరి పక్కన అన్నది రాసుకోండి. వారం రాస్తే కారణం దొరుకుతుంది. చాలాసార్లు అన్నానికి ముందు ఆకలి వేళ, గుమ్మం దగ్గర ఇరుకులో, లేదా ఇంట్లో చెల్లి పుట్టిన వారంలో. సాయంత్రం ఇద్దరి తల్లిదండ్రులకీ మీరే చెప్పండి, ఎవరు కొరికారో అవతలివాళ్లకి పేరు చెప్పకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

8. పాటీకి తొందర లేదు

గంటకోసారి అందర్నీ వరసగా కూర్చోబెట్టడం వల్ల టీచర్‌కి టైమింగ్ అలవాటవుతుంది, పిల్లకి కాదు. రెండు గంటలు పొడిగా ఉండటం, తడిస్తే చెప్పడం, లాగు కిందికి లాగాలని చూడటం మొదలైతే అప్పుడు పెట్టండి. ఇంట్లోనూ అదే వారం మొదలుపెట్టాలి. తడుపుకున్నా తిట్టొద్దు, వేరే లాగు తీయండి.

9. రాయించమని అడిగితే

వసంత పంచమికి బాసర వెళ్లి అక్షరాభ్యాసం చేయించుకొచ్చిన మర్నాడు తల్లిదండ్రులు పలక పంపిస్తారు. పలక తీసుకోండి, సుద్దముక్క ఇవ్వండి, గీతలు గీసుకోనివ్వండి. గుప్పిటతో పట్టుకుని మొత్తం చెయ్యి కదిలించి గీసే వయసిది. చుక్కల మీద ‘అ’ దిద్దించడానికి వేళ్లు ఇంకా సిద్ధంగా లేవు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్ల లోపు పిల్లల కోసం 2024లో తెచ్చిన నవచేతన చట్రం నిండా ఆటలు, మాటలు, పాటలే. అడిగిన తల్లిదండ్రులకి దాన్ని చూపించండి.

అంతకన్నా బాగా పనిచేసేది ఒకటుంది. రోజూ డైరీలో "గుడ్ డే" అని రాయకుండా, ఆ రోజు చూసిన ఒక్క సంగతి రాయండి. "ఈ రోజు తన చెప్పులు తనే వేసుకుంది. ఎడమ కుడి మారాయి, తనే చూసి మార్చుకుంది." ఇలాంటివి నెల రోజులు చదివిన తల్లి పలక గురించి అడగదు.

10. గమనించి రాసుకోండి, చెప్పాల్సింది చెప్పండి

ఒక్కో పిల్లకి ఒక నోట్‌బుక్, వారానికి నాలుగు లైన్లు. దీని అసలు ఉపయోగం వెనకబడుతున్న పిల్లని తొందరగా పట్టుకోవడం. పిల్లలందరూ ఒకే తీరుగా ఎదగరు, నిజమే. అయినా కొన్ని గుర్తులని "మా ఆయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడట" అని వదిలేయకూడదు. ఏడాదిన్నరకి సాయం లేకుండా నడవకపోవడం. కావాల్సింది వేలితో చూపించకపోవడం. పేరు పిలిస్తే తిరిగి చూడకపోవడం. రెండేళ్లకి "తాత టాటా", "పాలు వద్దు" లాంటి రెండు మాటలు కలపకపోవడం. వచ్చిన మాటో, పనో మర్చిపోవడం. చివరిది ఏ వయసులో కనిపించినా ఆలస్యం చేయొద్దు. రెండు భాషల ఇంటి పిల్లకి రెండింటి మాటలూ కలిపి లెక్కవేయాలి.

పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు మామూలుగా పిల్లల్ని చూసేది అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో. ప్రైవేటు ప్లేస్కూల్లో ముందు గమనించాల్సింది మీరే. తల్లిదండ్రుల్ని గేటు దగ్గర నిలబెట్టి చెప్పకండి, ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టండి. ‘ఆటిజం’ అనో ‘స్లో’ అనో పేరు పెట్టే అర్హత మనకి లేదు. "పిలిస్తే చూడటం లేదు, ఈ మూడు వారాల్లో ఇలా గమనించాం, ముందు వినికిడి పరీక్ష చేయిద్దాం" అని చూసింది మాత్రమే చెప్పండి. పిల్లల డాక్టర్ దగ్గరికో, జిల్లా ఆసుపత్రిలో ఎదుగుదల ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే, డీఈఐసీ అని పిలిచే కేంద్రానికో పంపండి. ఇంట్లో మాతా శిశు సంరక్షణ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లమనండి, ఎదుగుదల మెట్లు అందులో అచ్చయి ఉంటాయి. మీ నోట్‌బుక్ పేజీలు జిరాక్స్ తీసి దాంతోపాటు ఇవ్వండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలు "ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు" అనే ఉంటాయి, ఆ టెన్షన్లో తల్లికి అవి గుర్తుండవు.